పాట కౌలుకా, సొంతానికా? మిరప కల్లంలో తేల్చుకున్న లెక్క



ఈసారి నల్ల తామర పురుగు గురించి రాయట్లేదు. క్వింటా రేటు గురించి అసలే రాయట్లేదు, రాస్తే నాకూ మీకూ బీపీ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఫోన్లో పాటలు వినే యాప్‌ల గురించి రాస్తున్నా. "ఈయనకి పనీపాటా లేదా" అనుకునేవాళ్లు అనుకోండి. మనకి పనిలోనే పాట ఉంది కాబట్టే రాస్తున్నా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతల్లో పగలంతా ఎవరో ఒకరి ఫోను మోగుతూనే ఉంటుంది. రాత్రి కల్లం కాపలాలో అది లేకపోతే కన్ను మూతపడుతుంది. పాట మోగడానికి నెట్ కావాలి, నెట్‌కి రీచార్జి కావాలి, ఇప్పుడు పాటకి కూడా వేరే డబ్బులు కట్టమంటున్నారు. ఏది కట్టాలి, ఏది కట్టక్కర్లేదు అని మన ఊళ్లో కుర్రాళ్లు నన్ను అడుగుతున్నారు. నాకు తెలిసింది చెప్తా. ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మా నాన్నకి చూపు తగ్గింది. కాపలాకి ఇంకెవరినైనా పెడదామంటే ఒప్పుకోడు. పట్టాల మీద ఎర్రటి కాయ ఆరబోసి ఉంటే ఆయనకి ఇంట్లో నిద్ర పట్టదు. సరే, మంచం కల్లంలోనే వేశాం. ఆయనకి హరిశ్చంద్ర పద్యాలంటే ప్రాణం. బలిజేపల్లి వారి నాటకం, అందులో కాటిసీనులో మన వినుకొండ జాషువా గారి పద్యాలు కలిపి పాడతారు కదా, అవి వినపడుతుంటే తెల్లారే దాకా కూర్చుంటాడు. మా కల్లం దగ్గర సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. అందుకని జనవరి చివర్లో ఒక యాప్‌కి డబ్బులు కట్టి, పద్యాలు, పాత పాటలు కలిపి ఎనభై దాకా డౌన్‌లోడ్ చేశా. సిమ్ లేని పాత ఫోనొకటి ఉంటే దాంట్లో పెట్టి, ఏ బొమ్మ నొక్కాలో చూపించి ఇచ్చా. నెల రోజులు చక్కగా వాడుకున్నాడు.

తర్వాత ఒకరోజు పొద్దున్నే నేను కల్లానికి పోతే ఫోను మంచం కింద సంచిలో చుట్టి పెట్టి ఉంది. ఏమైందంటే "ఏం లేదులే" అన్నాడు. మూడు రోజుల నుంచి మోగట్లేదంట. తనేదో తప్పు బొమ్మ నొక్కి చెడగొట్టాననుకున్నాడు. చెప్తే నేను కేకలేస్తానని చెప్పలేదు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, నాకు దుక్కి దున్నడం నేర్పిన మనిషి, మూడు రాత్రులు చీకట్లో ఊరకే కూర్చున్నాడు.

ఫోను చెడలేదు. ఆయన ఏమీ నొక్కలేదు. డౌన్‌లోడ్ చేసిన పాటలు 30 రోజులకి ఒక్కసారైనా నెట్‌కి తగలాలి, లేకపోతే తాళం పడిపోతుంది. నేను కట్టిన డబ్బు ఇంకా నడుస్తూనే ఉంది. అయినా ఫోను నెట్ ముఖం చూడలేదు కాబట్టి తాళం వేశారు. ఏ యాప్ అన్నది చెప్పను, ఎందుకంటే తప్పు ఆ ఒక్కదానిది కాదు. స్పాటిఫై తీసుకున్నా, యూట్యూబ్ తీసుకున్నా ఈ 30 రోజుల రూలు ఉంది. రూలు చదవకుండా పెట్టింది నేను.

ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. మనం "డౌన్‌లోడ్ చేశా, నా ఫోన్లో ఉంది" అనుకుంటాం. అది కొన్నది కాదండీ, కౌలుకి తీసుకున్నది. కౌలు పొలంలో పంట మనది, గట్టు మనది కాదు. కౌలు కట్టినన్ని రోజులే దున్నుకోవాలి. ఓనరు షరతు మారిస్తే మారినట్టే. పొలం అమ్మేస్తే మూటాముల్లె సర్దుకోవాలి. పాటల యాప్ కూడా సరిగ్గా అంతే. కౌలు తప్పని నేను అనట్లేదు. నేనే నాలుగెకరాలు కౌలుకి చేస్తున్నా. కౌలు పొలంలో బోరు వేయించకూడదు అంటున్నా, అంతే.

ఓనర్లు ఎట్లా మారతారో చూడండి. గూగుల్ వాళ్ల ప్లే మ్యూజిక్ 2020లో మూసేశారు. రెస్సో అని ఒకటి వచ్చింది, 2024 జనవరి 31తో మన దేశంలో బంద్. ఎయిర్‌టెల్ సిమ్ ఉన్నవాళ్లంతా వాడిన వింక్ 2014లో మొదలైంది, 2024లో ఆపేస్తున్నామని చెప్పి ఆపిల్ మ్యూజిక్ వైపు పొమ్మన్నారు. గానా 2022లో ఉచితం తీసేసి డబ్బులు కట్టినవాళ్లకే అంది. స్పాటిఫై 2023 అక్టోబరులో ఉచితంగా వినేవాళ్లకి వరసగా పాటలు పెట్టుకోవడం, పాట ముందుకీ వెనక్కీ జరుపుకోవడం లాంటివి తీసేసింది. పెద్ద కంపెనీలే ఇవన్నీ. నడి సీజన్లో కౌలు రేటు పెంచే ఆసాములు మన ఊళ్లోనే ఉన్నారనుకున్నాం ఇన్నాళ్లూ.

ఇంకోటి, పాట ఆ యాప్‌ది కూడా కాదు. పాట హక్కు ఆడియో కంపెనీది. పాత పాటల్లో బోలెడు సరిగమ చేతిలో ఉన్నాయి. పెద్దవాళ్లకి కుక్క బొమ్మ రికార్డుల కంపెనీ అంటే తెలుస్తుంది. స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. సరిగమతో బేరం కుదరక, కోర్టు దాకా పోయి, వాళ్ల పాటలు అందులో లేకుండా పోయాయి. 2020 జూన్‌లో ఒప్పందం అయ్యాకే వచ్చాయి. 2023 మార్చిలో ఇలాగే బేరం చెడి జీ మ్యూజిక్ పాటలు మాయమయ్యాయి. అంటే ఆసామి కూడా కౌలుదారే అన్నమాట! వాళ్లిద్దరి మధ్య తేడా వస్తే నెలనెలా డబ్బు కట్టిన మనకి పాట ఉండదు, డబ్బూ వెనక్కి రాదు. అందుకని ఏ యాప్‌కైనా డబ్బు కట్టే ముందు ఉచితంగా వేసుకుని మీ ఇంట్లో వినే పది పాటలు వెతికి చూడండి. "మా దగ్గర కోట్ల పాటలున్నాయి" అని వాళ్లు చెప్పే లెక్కతో మనకి పని లేదు. మనం వినే వంద ఉన్నాయా లేదా, అంతే.

ఇక డేటా లెక్కకి వస్తా. మనలో చాలామందికి రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్. యూట్యూబ్‌లో పాట పెట్టి ఫోను గట్టు మీద పెడితే పాటతో పాటు బొమ్మ కూడా దిగుతుంది. ఆ బొమ్మ చూసేవాళ్లెవరూ లేరు, అందరి కళ్లూ కాయల మీదే. మామూలు నాణ్యతలో గంటకి సుమారు 300 ఎంబీ పోతుంది. ఐదు గంటలకి ప్యాక్ అయిపోయింది, మధ్యాహ్నం అన్నాల వేళకి ఫోను మూగబోతుంది. అదే మాట మాత్రమే వచ్చే యాప్‌లో మామూలు నాణ్యత 96 కేబీపీఎస్ పెట్టుకుంటే గంటకి 43 ఎంబీ. ఎనిమిది గంటలు మోగినా 350 ఎంబీ దాటదు. బాగా నాణ్యత అని 320 పెట్టుకుంటే గంటకి 144 ఎంబీ. ఏడు వందల రూపాయల స్పీకర్లో, పైన గాలి, పక్కన ట్రాక్టర్ చప్పుడు, అక్కడ 320కీ 96కీ తేడా ఎవడికి తెలుస్తుంది చెప్పండి? సెట్టింగ్స్‌లోకి పోయి నాణ్యత తగ్గించి పెట్టండి. ఒక్కసారి చేస్తే చాలు.

ఉచితంగా వాడే యూట్యూబ్‌తో ఇంకో తంటా ఉంది. తెర ఆరిపోతే పాట ఆగుతుంది. జేబులో పెట్టుకుని వినడం కుదరదు. తెర వెలిగే ఉంటే ఎండకి ఫోను కాలిపోతుంది, చార్జింగ్ దిగిపోతుంది. జియోసావన్, స్పాటిఫై లాంటివి ఉచితంగా అయినా తెర ఆర్పి జేబులో వేసుకోవచ్చు, మధ్యలో ప్రకటనలు వస్తాయి, అంతే తేడా. మా పక్క పొలం తమ్ముడు మొక్కజొన్నలో అడవి పందుల కోసం స్పీకర్ పెట్టాడు. అరుపుల రికార్డు పెట్టమంటే బద్ధకించి ఉచిత యాప్‌లో తీన్మార్ డప్పులు పెట్టి పోయాడు. అర్ధరాత్రి పందులకి బీమా పాలసీ ప్రకటన వినిపించింది. కంకులు మాత్రం తినేసి పోయాయి.

సినిమా పాటలు మాత్రమే వినేవాళ్లకి నా మాట ఒక్కటే. డబ్బు కట్టకండి. జియోసావన్ వేసుకోండి, స్పాటిఫై వేసుకోండి, రెండిట్లోనూ తెలుగు సినిమా పాటలకి కొదవ లేదు. మొదట తెరిచినప్పుడు భాష అడుగుతుంది, తెలుగు ఒక్కటే నొక్కండి, లేకపోతే హిందీ పాటలు కుమ్మరిస్తుంది. ప్రకటన వస్తే రానివ్వండి. రేడియోలో ప్రకటనలు విని పెరిగినవాళ్లమే కదా మనం.

అసలు చిక్కు సినిమా పాట దాటి బయటికి వచ్చినప్పుడే. పద్యనాటకం, బుర్రకథ, కోలాటం పాటలు, భజనలు, తిరునాళ్ల పాటలు, పొలం పాటలు. మన జిల్లావాడు, పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథతో 1986లో పద్మశ్రీ దాకా పోయారు. ఆ కళ ఈ యాప్‌లలో వెతికితే ఎక్కడో రెండు మూడు ముక్కలు కనిపిస్తాయి. అదే యూట్యూబ్‌లో చూడండి, ఏ ఊరి కుర్రాడో తిరునాళ్లలో ఫోన్తో తీసి పెట్టినవి, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, రాత్రంతా నడిచిన నాటకం మొత్తం, అన్నీ దొరుకుతాయి. అక్కడ పెట్టడానికి ఆడియో కంపెనీతో పని లేదు. ఎవరైనా పెట్టొచ్చు. అందుకే మనలాంటి వాళ్ల పాట అక్కడ చేరింది. ఇంగ్లీషు అక్షరాల్లో హరిశ్చంద్ర అని ఎట్లా కొట్టాలో తెలియక వదిలేయకండి. మైకు బొమ్మ నొక్కి తెలుగులో నోటితో చెప్పండి, వస్తాయి.

మా చేలో కోతకి కర్నూలు వైపు నుంచి వచ్చే ముఠా ఉంది. ముఠా నడిపే అక్క మొదటి రోజే అడిగింది, "సినిమా పాటలు వద్దన్నా, మా పక్క పాటలు పెట్టు" అని. ఆదోని వైపు వాళ్లు, వాళ్ల జానపదాలు వేరు, మధ్యలో కన్నడ పాటలు కూడా ఉంటాయి. పాట నచ్చినరోజు చేతులు ఆడే తీరే వేరు, అది నేను లెక్కపెట్టి చెప్పలేను గానీ సాయంత్రం కుప్ప చూస్తే తెలుస్తుంది. ఆ పాటలు కూడా యూట్యూబ్‌లోనే దొరికాయి. ఇప్పుడు నా ఫోను నన్ను కన్నడ మనిషి అనుకుంటోంది, ఏది తెరిచినా కన్నడ పాటే ముందు చూపిస్తుంది. పోనీలెండి.

అందుకని, డబ్బు కట్టేదే అయితే నేను యూట్యూబ్ ప్రీమియమే అంటాను. తెర ఆర్పినా మోగుతుంది, ప్రకటన రాదు, డౌన్‌లోడ్ అవుతుంది. 2024 ఆగస్టులో ఒక్క మనిషికి నెలకి 129 ఉన్నదాన్ని 149 చేశారు. ఇక్కడ మూడు రకాలు కలిపి మనల్ని తికమక పెడతారు, జాగ్రత్తగా చూడండి. మ్యూజిక్ ప్రీమియం అని తక్కువ రేటుకి ఒకటుంది, అది యూట్యూబ్ మ్యూజిక్ అనే వేరే యాప్‌కి మాత్రమే. మామూలు యూట్యూబ్‌లో ఉన్న రాత్రంతా నాటకాన్ని జేబులో వేసుకుని వినడానికి అది పనికిరాదు. లైట్ అని ఇంకా తక్కువది కూడా పెట్టారు, దాంట్లో పాటల మీద ప్రకటనలు వస్తూనే ఉంటాయి. పాటల కోసమే కట్టేవాడికి అది దండగ. పేరులో ఏమీ లేకుండా ఉత్త ప్రీమియం అని ఉన్నదే తీసుకోవాలి, దాంట్లో మ్యూజిక్ యాప్ కూడా కలిసే వస్తుంది. ఫ్యామిలీది 299, మీరు కాక ఇంకో ఐదుగురు వాడుకోవచ్చు, కాకపోతే ఒకే ఇంట్లో ఉన్నవాళ్లయి ఉండాలని షరతు. అన్నదమ్ములు కలిసి ఉన్న ఇల్లయితే మనిషికి యాభై రూపాయలు పడుతుంది. రేట్లు మారుతుంటాయి, కట్టే రోజు తెర మీద ఉన్నది చదువుకోండి.

ఏడాదికి ఒకేసారి కడితే తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది. కానీ మనం ఏడాదంతా వింటామా? నాకైతే కోతలున్న నాలుగు నెలలే. నాలుగు నెలలకి 149 చొప్పున 596. మే నెల వచ్చాక చేలో ఏముంది, ఎండ తప్ప. పైగా పైన చెప్పాను, ఏ యాప్ ఎప్పుడు మూస్తారో, ఏ షరతు ఎప్పుడు మారుస్తారో తెలియని చోట ఏడాది కౌలు ముందే కట్టడం నాకు నచ్చదు.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. మా బాబాయి కొడుకు ఒకడు "మూడు నెలలు ఉచితం" అని చూసి ఒక యాప్‌లో నొక్కాడు. ఉచితమే, కానీ బ్యాంకు ఖాతా లింకు చేయమన్నారు, చేశాడు. రెండు వారాలు విని మర్చిపోయి యాప్ తీసేశాడు. నాలుగో నెల నుంచి డబ్బు కట్ అవడం మొదలైంది. అది కిసాన్ డబ్బులు పడే ఖాతా. ఆరు నెలలు పోయాక చూసుకున్నాడు. యాప్ తీసేస్తే డబ్బు ఆగదు, ఇది గుర్తుపెట్టుకోండి. గొర్రెని అమ్మేసినా మేపుకూలి కడుతున్నట్టు ఉంటుంది. ఫోన్‌పే గానీ గూగుల్‌పే గానీ తెరిచి ఆటోపే అని ఉన్నచోటికి పోతే మీ ఖాతా మీద ఎవరెవరు నెలనెలా కోసుకుంటున్నారో వరసగా కనపడుతుంది. అక్కడే రద్దు చేయొచ్చు. డబ్బు కట్ అయ్యే ముందు 24 గంటలకి తక్కువ కాకుండా మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు రూలు 2021 అక్టోబరు నుంచి ఉంది. మెసేజ్ వస్తుంది, ఇంగ్లీషులో వస్తుంది, మనం చదవం. ఇవాళే ఒకసారి తెరిచి చూడండి, మీ పిల్లల ఫోన్లలో కూడా. ఆటోపే వద్దనుకునేవాళ్లకి యూట్యూబ్‌లో నెలకి ముందే కట్టేసే పద్ధతి ఉంది, పది రూపాయలు ఎక్కువ పడుతుంది. నేను అదే కడుతున్నా. పది రూపాయలకి రాత్రి నిద్ర పడుతుంది.

"అసలు పాటకి డబ్బేంటి, ఇన్నాళ్లూ మెమరీ కార్డులో ఎక్కించుకోలేదా?" అని మా వయసువాళ్లు అడుగుతారు. నిజమే. సెల్ షాపులో ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా పాటలు పోసేవాడు. నేనూ పోయించుకున్నా, దాచుకోవడం దేనికి. అందులో పాడినవాడికి పైసా పోలేదు. ఘంటసాల గారి పాటైతే కంపెనీకి నష్టమని సరిపెట్టుకోవచ్చునేమో గానీ, తిరునాళ్లలో పాడి పొట్టపోసుకునే కళాకారుడి పద్యం కూడా అదే కార్డులో పోసుకున్నాం. మన కాయని కమీషన్ వాడు తాలు కింద జమకట్టి రేటు కోస్తే మనకి ఎట్లా మండుతుంది? వాళ్లకీ అంతే.

అయితే యాప్‌కి డబ్బు కడితే ఆ కళాకారుడికి చేరుతుందా అంటే అంత తేలిక కాదు. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాట 12 నెలల్లో 1,000 సార్లు మోగకపోతే దానికి అసలు ఏమీ ఇవ్వరు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే ఛానెల్‌కి 1,000 మంది చందాదారులు ఉండాలి, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి, లేదా షార్ట్స్‌కి కోటి చూపులు రావాలి. ఆ గీత దాటినవాడికి మన ప్రీమియం డబ్బులో కూడా, మనం వాడి ఛానెల్ విన్నదాన్ని బట్టి, కొంత పోతుంది. నాటకం పాత్రధారికి సొంత ఛానెల్ ఉంటే దాంట్లోనే వినండి, ఎవడో కత్తిరించి పెట్టిన ముక్కలో కాదు. చందా బొమ్మ నొక్కడానికి మనకి పైసా ఖర్చు లేదు, వాడికి ఆ వెయ్యి మందిలో మనమొకళ్లం అవుతాం.

రేడియోని కూడా మర్చిపోకండి. ఫోన్లో ఎఫ్ఎం ఉంటే ఇయర్‌ఫోన్ గుచ్చండి చాలు, ఒక్క ఎంబీ కూడా పోదు. కొత్త ఫోన్లలో చాలావాటికి అది తీసేశారు, కొనేటప్పుడు అడగండి. ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, హైదరాబాదు, విశాఖ కేంద్రాలు ఉచితంగా వస్తాయి. పొద్దున్న భక్తి గీతాలు, సాయంత్రం వ్యవసాయం కబుర్లు, మధ్యలో సినిమా పాటలు. మనకి కావలసిన పాట కావలసినప్పుడు రాదు, అది దాని పద్ధతి. కానీ ఇన్నేళ్లలో రేడియో ఎప్పుడూ నా ఖాతాలోంచి డబ్బు కోయలేదు.

సరే, మా నాన్న సంగతి. ఆ పాత ఫోనుకి నా ఫోన్ నుంచి హాట్‌స్పాట్ పెట్టి నెట్ తగిలించా, పాటలన్నీ మళ్లీ తెరుచుకున్నాయి. "నువ్వేం చెడగొట్టలేదు, కంపెనీ వాడి తాళం అది" అని చెప్పా. నమ్మినట్టు తల ఊపాడు గానీ ఆ ఫోను ముట్టుకోవడానికి మాత్రం వెనకాడాడు. మళ్లీ చెడిపోతే, మళ్లీ నేను అవస్థ పడాలి అని. నెలకోసారి నేను తగిలించాలి, నేను మర్చిపోతే మళ్లీ అదే కథ. ఇక నావల్ల కాదనిపించింది. నాకు కౌలు చాలు, ఆయనకి మాత్రం సొంతం కావాలి.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి పోయి వచ్చాక, ఆ వారంలోనే పక్క ఊళ్లో హరిశ్చంద్ర నాటకం పెట్టారు. సాయంత్రమే పోయి, రంగులు వేసుకుంటున్న చోటికి వెళ్లి హరిశ్చంద్ర వేషం వేసే ఆయన్ని అడిగా. "అయ్యా, మా నాన్న కోసం రికార్డు చేసుకుంటా, ఎక్కడా పెట్టను, కల్లంలో వినడానికి" అని. ఆయన నవ్వి, "చేసుకో నాయనా, అడిగి చేసుకునేవాళ్లు ఎవరున్నారు ఇప్పుడు" అన్నాడు. ఐదు వందలు చేతిలో పెడితే వద్దన్నాడు, హార్మోనియం ఆయన చూసి ఇప్పించాడు. మాట మాత్రమే రికార్డు చేశా, బొమ్మ లేదు. తెల్లవారుజామున కాటిసీను అయ్యేదాకా కూర్చున్నాం, నాన్న కూడా వచ్చాడు.

ఆ రికార్డు మెమరీ కార్డులో వేసి, బొత్తాలు ఉండే చిన్న స్పీకర్ ఒకటి కొని దాంట్లో పెట్టా. నెట్ లేదు, 30 రోజులు లేవు, తాళం లేదు. బొత్తం నొక్కితే మొదలవుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. నాటకాలు కాకుండా పాత సినిమా పాటలే కావాలనుకునే ఇళ్లలో పెద్దవాళ్లకి ఇట్లాంటివి ముందే పాటలు నింపి కూడా అమ్ముతున్నారు. సరిగమ వాళ్ల కారవాన్ 2017లో వచ్చింది, తెలుగు పాటలతో కూడా ఉంది. ఒక్కసారి డబ్బు పెడితే నెలనెలా గొడవ లేదు. మా ఇంట్లో దానితో పని పడలేదు.

నా ఫోన్లో ప్రీమియం ఈ నెలాఖరు దాకా ఉంది. నాలుగో కోత అయిపోతుంది, ముఠా ఊరెళ్లిపోతుంది, ఆ తర్వాత కట్టను, మళ్లీ జనవరిలో చూసుకుంటా. నాన్న మాత్రం రోజూ కల్లంలో ఆ రికార్డు వింటూ వంక పెడుతూనే ఉన్నాడు. హార్మోనియం మోత ఎక్కువై పద్యం సగం మునిగిపోయిందంట, మధ్యలో ఎవరో దగ్గుతున్నారంట. ఆ దగ్గింది ఆయనే. వచ్చే ఏడు ఫోను తీసుకుని ముందు వరసలో కూర్చోమన్నాడు.